మాట, పాట, బాట

వినికిడి లోపం ఉన్న పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఓర్పు, దయ, సేవాభావం అనే మూడు గుణాలనే లోకం ముందుగా తలచుకుంటుంది. ఆ మూడూ ఉండవలసినవే కాని, వాటితోనే ఆ పని నెరవేరుతుందనుకోవడం జాలిగుండె ఉన్నవారికి వైద్యం దానంతటదే వచ్చేస్తుందనుకోవడం వంటిది. బధిర బాలుడి ముందు నిలబడే ఉపాధ్యాయుడికి అన్నిటికంటే ముందు కావలసింది భాష ఎలా పనిచేస్తుందో తెలిసి ఉండడం. అందులోనూ, తాను పుట్టినప్పటి నుంచి ఆలోచించకుండా మాట్లాడుతున్న తెలుగు ఏ ధ్వనులతో, ఏ ప్రత్యయాలతో, ఏ విరుపులతో నడుస్తోందో విడదీసి చూడగలగడం. వినే పిల్లవాడు బడిలో చేరేనాటికే తెలుగును ఇంటి నుంచి వెంట తెచ్చుకుంటాడు కాబట్టి, మామూలు ఉపాధ్యాయుడు ఆ భాష మీద గణితాన్నీ సామాన్యశాస్త్రాన్నీ నిలబెడతాడు. బధిర బాలుడి విషయంలో పునాదినీ గోడలనూ ఒకేసారి లేపవలసి వస్తుంది. అందువల్ల ఈ శిక్షణలో చేరిన వ్యక్తి, బి.ఎడ్. కళాశాలల పరిభాషలో ఛాత్రోపాధ్యాయుడు, పాఠం చెప్పడం నేర్చుకునే ముందు తనకు వచ్చిన భాషను రాని భాషలాగా మళ్లీ చూడడం నేర్చుకోవాలి.

మన దేశంలో ఈ శిక్షణకు చట్టబద్ధమైన రూపం ఉంది. 1992లో పార్లమెంటు చేసిన చట్టాన్ని అనుసరించి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే భారత పునరావాస మండలి, ప్రత్యేక విద్యలో డిప్లొమా, బి.ఎడ్. కోర్సుల పాఠ్యప్రణాళికను నిర్ణయించి, ఉత్తీర్ణులైనవారి పేర్లను కేంద్ర రిజిస్టరులో నమోదు చేస్తుంది. 2015లో బి.ఎడ్. రెండేళ్ల కోర్సు అయింది. ఈ రంగానికి జాతీయ స్థాయిలో పెద్ద దిక్కుగా 1983లో ముంబయిలో నెలకొల్పిన సంస్థ అలీ యావర్ జంగ్ పేరు మీద నడుస్తోంది. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసి, మహారాష్ట్ర గవర్నరు పదవిలో ఉండగా 1976లో కన్నుమూసిన ఆయన పేరు మీద ఉన్న ఆ సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉండడం తెలుగువారికి దగ్గరి సంగతి. కోర్సులో చేరినవారు చెవి నిర్మాణం, వినికిడి పరీక్షలు, వినికిడి యంత్రాలు, వాక్ శిక్షణ, భాషాబోధన పద్ధతులు, భారతీయ సంజ్ఞా భాష, వీటన్నిటినీ కొంత కొంత చదువుతారు. ఆ 'కొంత కొంత' గురించి తరవాత చెప్పుకోవలసింది ఉంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవులలోనూ మాటల పౌనఃపున్యాల వద్ద 70 డెసిబెళ్ల వినికిడి నష్టం ఉన్నవారిని బధిరులుగా, 60 నుంచి 70 డెసిబెళ్ల నష్టం ఉన్నవారిని వినికిడి మందగించినవారుగా నిర్వచించింది. డెసిబెల్ అంటే శబ్ద తీవ్రతకు కొలమానం. గుసగుస సుమారు 30 డెసిబెళ్లు, ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60. అంటే 70 డెసిబెళ్ల నష్టం ఉన్న పిల్లవాడికి, యంత్రం లేనప్పుడు, పక్కన కూర్చున్న తల్లి మాట కూడా అందదు. ధ్రువపత్రం రాయడానికి ఈ అంకెలు అవసరమే కాని, తరగతి గదిలో అవి చెప్పేది చాలా తక్కువ. ఒకే అంకె ఉన్న ఇద్దరు పిల్లలలో ఒకరికి లోపం ఆరో నెలలో బయటపడి వెంటనే యంత్రమో సంజ్ఞా భాషో అంది ఉండవచ్చు, మరొకరికి ఆరో ఏట బయటపడి ఉండవచ్చు. మొదటి బిడ్డ కథలు అడుగుతుంటే రెండో బిడ్డకు తన పేరు అనేది ఒకటుందని కూడా తెలియకపోవచ్చు. శిక్షణలో మొదటి పాఠం ఆ అంకె వెనక ఉన్న చరిత్రను అడిగి తెలుసుకోవడం.

అంకె కంటే ఎక్కువ చెప్పేది ఆడియోగ్రామ్, అంటే వినికిడి రేఖాపటం. దాని మీద ఎడమ నుంచి కుడికి పోయినకొద్దీ ధ్వని బొంగురు నుంచి కీచుకు మారుతుంది. పై నుంచి కిందికి దిగినకొద్దీ ధ్వని బిగ్గరగా ఉంటుంది. మనుషులు మాట్లాడే ధ్వనులన్నీ ఆ పటంలో ఒక వంపు తిరిగిన ప్రాంతంలో కూడుకుంటాయి కాబట్టి, దాని ఆకారాన్ని బట్టి నిపుణులు దాన్ని మాటల అరటిపండు అంటారు. ఆ పండుకు ఎడమవైపున, కాస్త కిందుగా, గట్టిగా వినిపించే అచ్చులూ మ, న వంటి అనునాసికాలూ ఉంటాయి. కుడివైపున, పైకి, గాలిలో తేలిపోయే స, ష, త, క వంటి హల్లులు ఉంటాయి. చాలామంది పిల్లలకు కొద్దో గొప్పో మిగిలి ఉండే వినికిడి ఎడమవైపునే. తెలుగు అజంత భాష, ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుందని వ్యాకరణ పాఠంలో గర్వంగా చెప్పుకునే సంగతి ఇక్కడ కొత్త అర్థంలో ఎదురవుతుంది. ఆ అచ్చుల పుణ్యమా అని ఎవరో మాట్లాడుతున్నారన్నది పిల్లవాడికి తెలుస్తుంది, మాట ఎక్కడ సాగిందో ఎక్కడ ఆగిందో కూడా తెలుస్తుంది. కాని కూత, పూత, మూత, దూత అనే నాలుగు మాటలూ అతడికి ఇంచుమించు ఒకే 'ఊ-అ'గా చేరుతాయి. వినపడుతోందని ఇంటివాళ్లు సంతోషిస్తుంటే, అర్థం మోసే హల్లు మాత్రం దారిలోనే రాలిపోతూ ఉంటుంది. 'పిలిస్తే తిరిగి చూస్తాడు కదా, చెవుడేమిటి' అని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి భ్రమపడడానికి ఇది ఒక ముఖ్య కారణం.

చెవికి అందనిది పెదవులను చూసి తెలుసుకోవచ్చు కదా అన్నది తరవాతి నమ్మకం. ఛాత్రోపాధ్యాయులను జంటలుగా ఎదురెదురుగా కూర్చోబెట్టి, గొంతు పెగల్చకుండా మాటలు పలికి, అవతలివారు పెదవులు చూసి రాసుకోవాలని చెప్పే అభ్యాసం ఈ నమ్మకాన్ని ఒక పూటలో సరిచేస్తుంది. మాట, పాట, బాట అనే మూడు మాటలను అద్దం ముందు నిలబడి నెమ్మదిగా పలికి చూస్తే మూడుసార్లూ పెదవులు ఒకే విధంగా మూసుకుని ఒకే విధంగా విడివడతాయి. అమ్మ, అబ్బ, అప్ప కూడా అంతే. క, గ, హ గొంతు దగ్గరే పుట్టి పెదవిని తాకకుండా బయటికి వస్తాయి. ట, ణ, ళ పలికేటప్పుడు నాలుక కొస వెనక్కి మడుచుకుని అంగిలిని తాకేది నోటి లోపల జరిగే పని కాబట్టి, కలకూ కళకూ తేడా ఎదుటివారి కంటికి అందదు. పెదవులు చూసి మాట గ్రహించడం అంటే చాలావరకు సందర్భాన్ని బట్టి ఊహించడమే. ఊహించాలంటే భాష ముందే వచ్చి ఉండాలి. భాష నేర్పడానికి పెదవులే చాలునన్న వాదం దగ్గర ఉన్న చిక్కు ఇదే. అయినా పెదవికీ చెవికీ మధ్య ఒక చక్కని సర్దుబాటు ఉంది: పెదవులు మూసుకున్నాయని కన్ను చెబుతుంది, గొంతు మోగిందా ముక్కు మోగిందా అన్నది మిగిలిన కొద్దిపాటి వినికిడి యంత్రం సాయంతో చెబుతుంది, రెండూ కలిస్తే మ, ప, బలు విడివడతాయి. అందుకే యంత్రం పెట్టుకున్న పిల్లవాడి కళ్లకు ఉపాధ్యాయుడి ముఖం కూడా కనిపించాలి.

ఈ శిక్షణకు వాడే పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిషులో, ఇంగ్లిషు మాట్లాడే పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిలో ఒక ప్రసిద్ధమైన చిట్కా ఉంది: 'ప' పలకడం నేర్పేటప్పుడు నోటి ముందు సన్నని కాగితపు ముక్క పట్టుకుంటే అది ఎగిరిపడుతుంది, దాన్ని చూసి పిల్లవాడు 'ప'కూ 'బ'కూ తేడా గ్రహిస్తాడు. తెలుగు తరగతిలో ఆ కాగితం దాదాపు కదలదు. ఇంగ్లిషు మాట మొదట్లో వచ్చే ఆ ధ్వనిలో మన 'ఫ'లో ఉన్నట్టు ఊపిరి కలిసి ఉంటుంది, తెలుగు 'ప' అల్పప్రాణం. కాగితం ఎగరాలని ఉపాధ్యాయుడు పట్టుబడితే పిల్లవాడు పాటను ఫాట అని పలకడం నేర్చుకుంటాడు. అలాగే ఇంగ్లిషులో బహువచనమంతా గాలిలాంటి 'స్' మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ ధ్వని వినిపించడం గురించి ఆ పుస్తకాలు పేజీలకు పేజీలు రాస్తాయి. తెలుగు బహువచనం 'లు' గొంతు మోగే ధ్వని, దాన్ని వినడం కాస్త తేలిక. మనకు కష్టం మరోచోట ఉంది. ఆ చోటేదో ఏ పుస్తకమూ చెప్పదు కాబట్టి, తన నోటిలో నాలుక ఏం చేస్తోందో, తన చెయ్యి గొంతు మీద ఆన్చితే ఎప్పుడు అదురుతోందో గమనించి ఛాత్రోపాధ్యాయుడే కనిపెట్టుకోవలసి వస్తుంది. వర్ణోత్పత్తి స్థానాలను కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని వరసలుగా పేర్చిన మన అక్షరమాల ఇంత పనికివచ్చే చోటు మరొకటి ఉండదు. చిన్నప్పుడు వల్లెవేసిన క-చ-ట-త-ప వరస నోటిలో లోపలి నుంచి బయటికి నడిచే పటమని చాలామందికి ఇక్కడే మొదటిసారి తెలుస్తుంది.

బధిర పాఠశాలలో ఉదయం మొదటి పావుగంట ఎలా గడుస్తుందో చూస్తే ఈ వృత్తిలోని శ్రద్ధ ఎటువంటిదో అర్థమవుతుంది. ప్రార్థన ముగిసి పిల్లలు వరసగా వచ్చి, తమ చెవి మిషన్ తీసి ఉపాధ్యాయురాలి చేతిలో పెడతారు. ఆమె డాక్టరు స్టెతస్కోపును పోలిన గొట్టాన్ని దానికి తగిలించి తన చెవితో విని, గరగర ఉందేమో, మాట మధ్యలో తెగుతోందేమో చూస్తుంది. చెవి రంధ్రంలో ఇమిడేలా కొలత తీసి చేసిన అచ్చును ఒత్తి చూస్తుంది. పిల్లవాడు పెరిగినకొద్దీ చెవి పెరిగి ఆ అచ్చు వదులైతే, ధ్వని బయటికి కారి యంత్రం ఈల వేస్తుంది. బొత్తాం అంత బ్యాటరీ అయిపోయిందేమో పరీక్షిస్తుంది. వానాకాలంలోనూ, చెమటలు కారే ఎండాకాలంలోనూ గొట్టంలో నీటి బొట్టు నిలిచి శబ్దాన్ని మూసేస్తుంది కాబట్టి దాన్ని ఊది వదిలిస్తుంది. ఆ తరవాత పిల్లవాడి వెనక నిలబడో, పలచని గుడ్డ బిగించిన చట్రాన్ని నోటికి అడ్డం పెట్టుకునో మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ అనే ఆరు ధ్వనులను ఒకటొకటిగా పలుకుతుంది. డేనియల్ లింగ్ అనే విద్యావేత్త ఏర్పరిచిన ఈ ఆరూ మాటల అరటిపండును ఎడమ కొస నుంచి కుడి కొస దాకా తడిమి చూస్తాయి. వినపడినప్పుడల్లా పిల్లవాడు ఒక పూసను డబ్బాలో వెయ్యాలి. 'మ్'కు పూస పడుతుంది, 'ఆ'కు పడుతుంది, 'ష్'కు కాస్త ఆగి పడుతుంది, 'స్'కు మాత్రం పూస వేళ్ల మధ్యనే ఉండిపోయి కళ్లు ఆమె వంక తిరుగుతాయి. నిన్న పడిన పూస ఇవాళ పడకపోతే యంత్రంలోనో చెవిలోనో ఏదో జరిగిందన్నమాట. ఈ పావుగంట తప్పిపోయిన రోజున పిల్లవాడు సాయంత్రం దాకా చచ్చిన యంత్రాన్ని చెవికి తగిలించుకుని తిరగవచ్చు, ఆ సంగతి చెప్పడానికి అతడికి మాట లేకపోవచ్చు.

తెలుగుకు అసలు కష్టం ఎక్కడుందన్న ప్రశ్నకు సమాధానం పిల్లల నోటుపుస్తకాలలో దొరుకుతుంది. 'అమ్మ బజారు వెళ్లు కూరగాయ కొను' అన్నటువంటి వాక్యాలు అక్కడ తరచుగా కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారు దాన్ని చూసి తెలివి తక్కువనుకుంటారు. జాగ్రత్తగా చూస్తే ఆ వాక్యంలో విషయమంతా ఉంది, వరస కూడా సరిగానే ఉంది. లేనివి కి, లు, ఇంది అనే తోకలు మాత్రమే. తెలుగు తన వ్యాకరణాన్నంతా మాట చివర తగిలించుకునే భాష: ఎవరు, ఎవరికి, ఎప్పుడు, అవునా కాదా అన్న సమాచారమంతా వాక్యం చివరికి వచ్చేసరికి స్వరం తగ్గి ఊపిరి సన్నబడే చోట, ఒకటి రెండు అక్షరాలలో ఇమిడి ఉంటుంది. 'తిను' అనడానికీ 'తినకు' అనడానికీ మధ్య ఉన్నది ఒక్క 'కు'. 'వస్తాడు' అన్నదానికి వ్యతిరేకం 'రాడు' అని వినే పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటాడు. చూసి నేర్చుకునే పిల్లవాడికి ఆ రెండు మాటలలో ఒకదానిలో ఉన్న 'వ' రెండోదానిలో ఎందుకు లేదన్నది తెలిసే దారి లేదు. సీత రాముడికి పుస్తకం ఇచ్చిందో, సీతకి రాముడు ఇచ్చాడో తేల్చడంలో ముఖ్యమైనది 'కి'. దాన్ని అతడు వెయ్యిసార్లు విని ఉండాలి, కాని ఒక్కసారి కూడా స్పష్టంగా విని ఉండడు. ఎర్ర సిరాతో ఆ వాక్యాన్ని దిద్ది మూడుసార్లు రాయమనడం ఇక్కడ పనికిరాదు. విభక్తిని కంటికి కనిపించేలా చెయ్యడం ఎలా అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు పిల్లల చేతులలోనే ఉందని ఒప్పుకోవడానికి విద్యాలోకానికి చాలా కాలం పట్టింది. 18వ శతాబ్దిలో పారిస్‌లో అబ్బె ద లెపె అనే మతగురువు బధిరుల సైగలనే బోధనకు ఆధారం చేసుకుని పాఠశాల నడిపాడు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం దానికి విరుద్ధంగా, నోటి మాటే శ్రేష్ఠమని, బోధనలో సంజ్ఞలను విడనాడాలని తీర్మానించింది. ఆ తీర్మానానికి చేతులెత్తినవారిలో దాదాపు అందరూ వినగలిగినవారే. దాని ఫలితంగా అనేక దేశాలలో బధిర ఉపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు, పిల్లలు చేతులు కదిపితే దండనలు పడ్డాయి. మన దేశంలో మొదటి బధిర పాఠశాలలు బొంబాయిలో 1880లలో, కలకత్తాలో 1893లో మొదలయ్యాయి గనక అవి ఆ గాలిలోనే పెరిగాయి. మిలాన్ తీర్మానాలను తిరస్కరిస్తున్నామని, అవి కలిగించిన హానికి చింతిస్తున్నామని అదే పరంపరలోని సమావేశం వాంకూవర్‌లో ప్రకటించింది 2010లో. నూట ముప్ఫై ఏళ్లంటే ఎన్ని తరాల పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారో తలచుకుంటే మనసు బరువెక్కుతుంది.

ఈ మధ్యలో విలియం స్టోకీ అనే అమెరికన్ భాషావేత్త 1960లో ప్రచురించిన అధ్యయనం, సంజ్ఞా భాషలో ప్రతి పదమూ చేతి ఆకారం, చెయ్యి నిలిచే స్థానం, కదలిక అనే చిన్న అంశాల కూర్పుతో ఏర్పడుతుందని, నోటి భాషలో వర్ణాలు చేసే పనినే అవి చేస్తాయని నిరూపించింది. భారతీయ సంజ్ఞా భాష మీద మొదటి శాస్త్రీయ పరిశోధనలు 1970లలో జరిగాయి. వాటిలో పాలుపంచుకున్న మదన్ వశిష్ఠ పదకొండో ఏట వినికిడి కోల్పోయిన హిమాచల్ ప్రదేశ్ పల్లెటూరి బాలుడు, పెరిగి అమెరికాలో ఆచార్యుడైన వ్యక్తి. ఈ భాషకు పదాలలో ప్రాంతీయ భేదాలున్నా వ్యాకరణం దేశమంతటా చాలావరకు ఒకటే. ప్రశ్నపదం వాక్యం చివర వస్తుంది, కాదు-లేదు అన్న వ్యతిరేకం కూడా చివరనే వస్తుంది; 'నీ పేరు ఏమిటి' అనే తెలుగు వాక్యం వరసకు ఇది ఇంగ్లిషు కంటే దగ్గర. కూచిపూడి చూసి పెరిగినవారు హస్తముద్రలు తెలుసు కాబట్టి ఇది తేలిగ్గా వస్తుందనుకుంటారు కాని, అభినయంలో ముఖం భావాన్ని చూపిస్తే సంజ్ఞా భాషలో ముఖం వ్యాకరణం కూడా చెబుతుంది. కనుబొమలు లేవకపోతే ప్రశ్న ప్రశ్న కాదు, తల అడ్డంగా ఊగకపోతే 'రాను' అన్నది 'వస్తాను' అయిపోవచ్చు. సిగ్గుపడి ముఖం కదపని ఛాత్రోపాధ్యాయుడు పిల్లల దృష్టిలో విభక్తులు లేకుండా మాట్లాడే మనిషి.

ఇప్పుడు ఆ 'కి' దగ్గరికి తిరిగి రావచ్చు. సంజ్ఞా భాషలో ఒక కథ చెబుతున్నప్పుడు సీతను కుడివైపున, రాముణ్ణి ఎడమవైపున గాలిలో నిలబెడతారు. 'ఇవ్వు' అనే సంజ్ఞ ఇచ్చేవారి చోటు నుంచి బయలుదేరి పుచ్చుకునేవారి చోటులో ఆగుతుంది. సీత ఇస్తే చెయ్యి కుడి నుంచి ఎడమకు పోతుంది, రాముడు ఇస్తే ఎడమ నుంచి కుడికి వస్తుంది. సంజ్ఞా భాష వచ్చిన పిల్లవాడు ఈ విషయంలో పొరపడడు. కర్త ఎవరో సంప్రదానం ఎవరో అతడికి నిశ్చయంగా తెలుసు. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద రెండు బొమ్మలు గీసి, చెయ్యి కదిలిన దారిలో బాణం గీసి, బాణం మొన తాకిన బొమ్మ పేరు పక్కన రంగు సుద్దతో 'కి' అని రాస్తే, ఏళ్లుగా కనిపించకుండా తిరిగిన విభక్తి ఒక పీరియడ్‌లో కంటి ముందు నిలుస్తుంది. రెండు భాషలూ వచ్చిన ఉపాధ్యాయుడికే ఇది సాధ్యం. సంజ్ఞా భాష రానివాడు 'కి'ని చూపించలేడు, తెలుగు వ్యాకరణం ఎరగనివాడు చూపించవలసింది 'కి' అని కనిపెట్టలేడు. ఒక భాష గట్టిగా పట్టుబడిన పిల్లవాడికి రెండో భాష దాని మీద ఆనుకుని వస్తుందన్న ఈ దృష్టిని ద్విభాషా పద్ధతి అంటారు. 1981లో సంజ్ఞా భాషను గుర్తించిన స్వీడన్ దీన్ని పాఠశాలల్లోకి తెచ్చింది.

ఇందాక వాయిదా వేసిన 'కొంత కొంత' సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక పరాయి భాషను బోధించే స్థాయిలో నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుందని అందరికీ తెలుసు. హిందీ పండితుడు కావాలంటే హిందీలో డిగ్రీ అడుగుతారు. బధిరుల ఉపాధ్యాయుడు కావడానికి మాత్రం సంజ్ఞా భాష అనేక పాఠ్యాంశాలలో ఒకటిగా, కొన్ని గంటల అభ్యాసంగా సరిపోతుందన్నట్టు చాలాకాలం నడిచింది. ఫలితంగా రంగుల పేర్లూ వారాల పేర్లూ చేతులతో చూపగలిగి, పిల్లలు తమలో తాము మాట్లాడుకునే వేగాన్ని అందుకోలేని ఉపాధ్యాయులు తరగతుల్లోకి వెళ్తున్నారు. దీనికి విరుగుడు బధిరులనే ఆచార్యులుగా పెట్టుకోవడం. 2016 చట్టంలోని 17వ సెక్షన్ సంజ్ఞా భాషలో అర్హత ఉన్న దివ్యాంగులను కూడా ఉపాధ్యాయులుగా తయారు చేసి నియమించాలని చెబుతోంది. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన శిక్షణ కేంద్రం బధిరులు ఈ భాషను బోధించడానికే ఒక ప్రత్యేక డిప్లొమా నడుపుతోంది, 2021 నాటికి 10,000 పదాల నిఘంటువును వెలువరించింది. జాతీయ సార్వత్రిక విద్యాపీఠం అదే ఏడాది సంజ్ఞా భాషను మాధ్యమిక స్థాయిలో ఒక భాషా పాఠ్యాంశంగా ప్రవేశపెట్టింది. దారి పడింది, ఆ దారిన ప్రతి శిక్షణ కళాశాలకూ ఒక బధిర అధ్యాపకుడు చేరేదాకా అది పూర్తి కాదు. ఒక భాషను ఆ భాష తమదైనవారే నేర్పాలన్నది మరే భాష విషయంలోనైనా వాదన అవసరం లేని మాట.

ఇంటి సంగతి కూడా శిక్షణలో భాగమే. బధిర బాలలలో పదింట తొమ్మిదిమందికి పైగా తల్లిదండ్రులు వినగలిగినవారు, ఆ బిడ్డ పుట్టేదాకా చెవుడు గురించి ఆలోచించవలసిన అవసరం రానివారు. 'వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లు వచ్చేదాకా మాట్లాడలేదు, వీడూ అంతేలే' అని నాయనమ్మ అనే మాటలో ఎంత ప్రేమ ఉన్నా, నెలల వయసులోనే మెదడు భాషను పోగుచేసుకునే కాలం ఆ మాటతోనే కరిగిపోతుంది. పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం అన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. నిద్రపోతున్న బిడ్డ తలకు తీగలు అతికించి చేసే బెరా పరీక్ష ఏం చెబుతుందో, కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స జరిగిన తరవాత ఏళ్ల తరబడి శ్రవణ శిక్షణ ఎందుకు కావాలో, సైగలు నేర్పితే మాట రాదన్న భయం ఎందుకు నిరాధారమో తల్లికి అర్థమయ్యే తెలుగులో చెప్పగలగాలి. ఆరోగ్యశ్రీ వంటి పథకాల వల్ల ఆ శస్త్రచికిత్స పేద ఇళ్లకు కూడా అందింది. శిక్షణ ఇచ్చే మనిషి ఊరికి అందకపోతే చెవి వెనక ఖరీదైన యంత్రం ఉండి కూడా బిడ్డకు భాష ఉండదు.

మండల కేంద్రాలలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలలో పనిచేసేవారికీ, మామూలు బడిలో నలభైమంది మధ్య ఒక బధిర విద్యార్థి ఉన్న తరగతికి సాయం చేసేవారికీ మరికొన్ని మెలకువలు కావాలి. నల్లబల్ల వైపు తిరిగి రాస్తూ మాట్లాడకూడదు. కిటికీ వెలుతురుకు వీపు పెట్టి నిలబడితే ముఖం నీడలో పడుతుంది. వినే పిల్లవాడు పుస్తకం చూస్తూనే వినగలడు కాని, చూసి వినే పిల్లవాడికి రెండు కళ్లే ఉన్నాయి. బొమ్మ చూపించి, చూడనిచ్చి, అతడి కళ్లు తిరిగి పైకి వచ్చాక నోరు విప్పాలి. ఆ రెండు మూడు క్షణాల మౌనం భరించడం మాటకారి ఉపాధ్యాయులకు అన్నిటికంటే కష్టమైన అభ్యాసం.

శిక్షణ చివరి దశలో, పర్యవేక్షకుడు వెనక బల్ల మీద కూర్చుని చూస్తుండగా చెప్పే పాఠం ఒకటి ఇలా నడుస్తుంది. నీటి చక్రం పాఠం. సముద్రం, ఎండ, మేఘం, వాన అని రంగుల పటం, చేతులు, రాసిన మాటలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పాఠం సగంలో ఉండగా ముందు వరసలోని పదేళ్ల పిల్ల చెయ్యెత్తి గబగబా ఏదో అడుగుతుంది. ఛాత్రోపాధ్యాయురాలికి 'వాన', 'సముద్రం' అన్న రెండు సంజ్ఞలు అందుతాయి, మిగతావి అందవు. తలూపి ముందుకు సాగిపోవడానికి అవకాశం ఉంది, పర్యవేక్షకుడికి కూడా ఆ ప్రశ్న అర్థమై ఉండకపోవచ్చు. ఆమె పటం పక్కన పెట్టి, 'మళ్లీ చెప్పు, మెల్లగా' అని సంజ్ఞ చేస్తుంది. పిల్ల నిట్టూర్చి, చేతులు పెద్దవిగా చేసి, పసిబిడ్డకు చెప్పినట్టు ఒక్కొక్క సంజ్ఞనూ ఆపి ఆపి చూపిస్తుంది; పక్కనున్న పిల్లవాడు నాలుక బయటికి చాపి రుచి చూసిన ముఖం పెట్టి సాయం చేస్తాడు. సముద్రం ఉప్పు, వాన ఉప్పు కాదు, ఎందుకు? బాష్పీభవనం అన్న మాట పటం మీద రాసి ఉంది గాని దానితో పని జరగదు. ఆమె మధ్యాహ్న భోజనం వంటగది నుంచి ఒక గిన్నెలో నీళ్లూ గుప్పెడు ఉప్పూ తెప్పించి, పిల్లలందరి చేతా వేలితో రుచి చూపించి, పొయ్యి మీద పెట్టి పైన చల్లటి స్టీలు పళ్లెం బోర్లిస్తుంది. పీరియడ్ అయిపోయినట్టు గోడ మీది దీపం వెలిగి ఆరుతుంది, ఎవరూ లేవరు. పళ్లెం తిరగేస్తే అంచున బొట్లు వరస కట్టి ఉంటాయి. అడిగిన పిల్ల వేలు తడిపి నాలుక మీద పెట్టుకుని, కనుబొమలు పైకెత్తి, వెనక్కి తిరిగి తరగతికంతటికీ తల అడ్డంగా ఊపుతుంది.